తల తుడిచిన ఫైలు: కోడు అరువు వెనుక కథ

ఒడియాలో టైపు చేసిన సరుకుల పట్టీని తెలుగు లిపిలోకి మార్చి బిల్లు తీసే ప్రోగ్రామును పర్లాకిమిడిలో మేము కొందరం రాస్తున్నాము, ఎందుకంటే ఏరు దాటి పాతపట్నం నుంచి వచ్చే ఖాతాదారులలో చాలామందికి ఒడియా చదవడం రాదు. ఇతరులు రాసి, కొన్ని షరతులతో వాడుకోనిచ్చిన కోడును అందుకు అరువు తెచ్చుకున్నాము. లిపి మార్చే భాగం జీపీఎల్ అనే లైసెన్సు (అనుమతి పత్రం) రెండో రూపం కింద, ప్రింటు భాగం అపాచీ 2.0 అనే లైసెన్సు కింద దొరికాయి. మూడో ఫైలులో లైసెన్సు రాసి ఉండే తలభాగాన్ని ఎవరో తుడిచేయగా, వ్యాఖ్య ముగింపు గుర్తు ఒక్కటే మిగిలింది.

లైసెన్సు లేదంటే ఊరుమ్మడి సొత్తని అర్థం కాదు. మన దేశంలో 1984 సవరణతో కంప్యూటరు ప్రోగ్రాములు కాపీరైట్ చట్టం కిందికి వచ్చాయి. రాసిన క్షణమే హక్కు పుడుతుంది, అనుమతి మాత్రం విడిగా ఇవ్వాలి.

ఈ పాఠం జీపీఎల్ రాసిన రిచర్డ్ స్టాల్‌మన్‌కే ఒకప్పుడు తగిలింది. 1985లో ఆయన విడుదల చేసిన గ్నూ ఈమాక్స్ అనే టెక్స్టు ఎడిటరులో తెరపై అక్షరాలు చూపే కోడు జేమ్స్ గాస్లింగ్ అనే ప్రోగ్రామరు రాసిన మరో ఈమాక్స్ నుంచి వచ్చింది. గాస్లింగ్ తన ప్రోగ్రామును యూనిప్రెస్ అనే సంస్థకు అమ్మేయడం, ఆ సంస్థ అభ్యంతరం చెప్పడంతో స్టాల్‌మన్ ఆ భాగాన్ని తానే తిరిగి రాయవలసి వచ్చింది. అనుమతిని నోటిమాటకు వదలకుండా ప్రతి ప్రతితోనూ పంపే జీపీఎల్ 1989లో వచ్చింది, రెండో రూపం 1991లో.

బర్క్‌లీ విశ్వవిద్యాలయం తన కోడుకు పెట్టిన లైసెన్సుది ఇంకో తంటా: ప్రకటనల్లో తమ పేరు చెప్పాలన్న షరతును కోడు రాసిన ఎవరికివారు తమ పేరుతో చేర్చుకోగా, 1997 నాటి నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టంలో స్టాల్‌మన్ అటువంటి వాక్యాలు 75 లెక్కపెట్టారు. బర్క్‌లీ విశ్వవిద్యాలయం 1999లో ఆ షరతు తీసేసింది.

మా చిక్కు 2004 నాటిది. ఆ ఏడాది వచ్చిన అపాచీ 2.0, పేటెంటు దావా వేసినవారికి పేటెంటు అనుమతి రద్దు చేస్తుంది. అదనపు ఆంక్ష పెట్టరాదనే జీపీఎల్ రెండో రూపంతో అది పొసగదు, కాబట్టి ఆ రెండు భాగాలను కలిపి పంచలేము. 2007లో వచ్చిన జీపీఎల్ మూడో రూపం ఈ పేచీ తీర్చింది, కానీ మేము తెచ్చిన ఫైలులో ‘రెండో రూపం మాత్రమే’ అని ఉంది. ప్రోగ్రామును మేమే వాడుకుంటే ఇబ్బంది లేదు, ఇతరులకు పంచినప్పుడే షరతులు మొదలవుతాయి, మేము పంచాలనుకుంటున్నాము.

తల తుడిచిన ఫైలు పక్కన పెట్టి, ఆ పని చేసే కోడును మేమే మొదటి నుంచి రాసుకున్నాము. లిపి భాగానికి ‘లేదా ఆ తర్వాతి రూపం’ అని చేర్చమని రచయితకు రాస్తే, అందులో ఆరుగురి చెయ్యి ఉందని, ఆరుగురూ ఒప్పుకోవాలని జవాబు వచ్చింది. ఇప్పటికి నలుగురు సరేనన్నారు.