గాలి అందని చోటే తుప్పు ఎందుకు తింటుంది?

బోల్టు విప్పి వాషర్ తీస్తే తరచూ కనిపించేదే: గాలి ఆడే చోట ఇనుము బాగానే ఉంటుంది, వాషర్ కింద మాత్రం గుంటలు పడి ఉంటాయి. తుప్పు పట్టాలంటే ఆక్సిజన్ కావాలి. మరి అది అందని చోటే లోహం ఎందుకు కరిగిపోతుంది? 1920ల్లో కేంబ్రిడ్జ్‌లో యూలిక్ రిచర్డ్‌సన్ ఎవాన్స్ (1889–1980) పట్టుకున్న ప్రశ్న ఇదే.

తుప్పుకు విద్యుత్తుతో సంబంధం ఉందన్నది అప్పటికి కొత్త మాట కాదు. ఓడల రాగి తొడుగుకు ఇనుము, జింకు ముక్కలు తగిలించి దాన్ని కాపాడవచ్చని హంఫ్రీ డేవీ 1824లోనే చూపాడు. అయితే రాగి కరగడం ఆగిపోవడంతో ఆ తొడుగుకు నాచు, గవ్వలు పట్టి ఓడల వేగం తగ్గింది. ఆ తర్వాత చాలాకాలం లోహంలోని మలినాలే అసలు కారణమని ఎక్కువమంది నమ్మారు.

ఎవాన్స్ ప్రయోగానికి ఒక్క చుక్క చాలు. 100 మి.లీ. నీటిలో 3 గ్రాముల ఉప్పు, 0.1 గ్రాము పొటాషియం ఫెర్రీసయనైడ్, కొన్ని చుక్కల ఫినాఫ్తలీన్ కలపాలి. ఎమెరీ కాగితంతో రుద్ది, జిడ్డు తుడిచిన ఉక్కు రేకు మీద ఆ ద్రావణం చుక్క వేయాలి. మొదట నీలం, గులాబీ మచ్చలు కలగాపులగంగా లేస్తాయి. కాసేపటికి విడిపోతాయి: మధ్యలో నీలం, అంచున గులాబీ. నీలం ఉన్న చోట ఇనుము కరుగుతోంది. గులాబీ ఉన్న చోట గాలి నుంచి ఆక్సిజన్ తేలిగ్గా అంది, క్షారం పుడుతోంది. మధ్యలో కరిగే ఇనుము వదిలే ఎలక్ట్రాన్లు లోహం గుండా అంచుకు పారి అక్కడి ఆక్సిజన్‌కు అందుతాయి; అందుకే ఆక్సిజన్ ఒక చోట పనిచేస్తే, లోహం అది అందని మరో చోట కరుగుతుంది. గోధుమరంగు తుప్పు ఆ రెండింటి నడుమ వలయంలా పేరుకుంటుంది. అంటే తుప్పు కనిపించే చోటు, లోహం పోయే చోటు ఒకటి కావు. నా దృష్టిలో ఈ ప్రయోగం నేర్పే అసలు పాఠం ఇది. జిడ్డు మిగిలితే చుక్క సరిగా నిలవదు. ఫెర్రీసయనైడ్ ఎక్కువైతే అదే ఆక్సిజన్ పని చేసి అంతా నీలమైపోతుంది.

రంగులు చూపితే సరిపోదు, లెక్క తేలాలి. 1932లో టి. పి. హోర్‌తో కలిసి ఎవాన్స్ ఆ లెక్క తేల్చాడు: ఆ ఎలక్ట్రాన్ల ప్రవాహం కొలతల నుంచి లెక్కగట్టిన తుప్పు వేగం, నిజంగా తగ్గిన బరువుతో సరిపోయింది. 1957లో స్టెర్న్, గియరీ అనే పరిశోధకుల సూత్రం వచ్చాక, వారాల తరబడి బరువు తూచే బదులు లోహపు వోల్టేజీని కొన్ని మిల్లీవోల్టులు జరిపి, ప్రవాహం ఎంత మారిందో చూసి నిమిషాల్లో వేగం అంచనా కట్టడం వీలైంది.

ఇనుముకు చదరపు సెంటీమీటరుకు 1 మైక్రోఆంపియర్ తుప్పు ప్రవాహం అంటే ఏడాదికి దాదాపు 0.0116 మి.మీ. నష్టం. ఇప్పుడు ద్రావణంలో 1000 చ.సెం.మీ. రాగిని ఉక్కుకు తగిలించి, ఉక్కుకు మాత్రమే పెయింట్ వేశారనుకోండి. ఈ జతలో కరిగేది ఉక్కు, ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్లు అందించేది రాగి. పెయింట్‌లో 1 చ.సెం.మీ. గీత పడితే రాగి మొత్తం లాగే ప్రవాహం అక్కడికే చేరుతుంది. రాగి మీద చదరపు సెంటీమీటరుకు 1 మైక్రోఆంపియరే ఉన్నా, గీత దగ్గర లెక్క ఏడాదికి 11.6 మి.మీ. అవుతుంది. ద్రావణం నిరోధం వల్ల వాస్తవంలో కొంత తగ్గవచ్చు. అయినా ఒక్కదానికే పెయింట్ వేసే వీలుంటే, వేయాల్సింది రాగికే.