ఫీజు కట్టనక్కర్లేని పీహెచ్‌డీ: నల్లగొండ, పాలమూరు దాకా రాని కబురు

మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో ఒక ఇంట్లో పిల్లను అమెరికా పంపుతున్నామంటే, వెంటనే వచ్చే మాట బ్యాంకు రుణం. ఏ పొలం పూచీ పెట్టారు, వడ్డీ ఎంత, ఉద్యోగం రాకపోతే తీర్చేదెలా? ఎమ్మెస్ చదువుకు ఈ లెక్కలు తప్పవు. అయితే అదే దేశంలో కెమిస్ట్రీలోనో ఫిజిక్స్‌లోనో పీహెచ్‌డీలో చేరినవారికి చాలా చోట్ల ట్యూషన్ ఫీజు ఉండదు, పైగా విశ్వవిద్యాలయమే బతకడానికి సరిపడా స్టైపెండ్ ఇస్తుంది. ఈ సంగతి మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు? తెలియకపోవడానికి చరిత్రలోనే కారణాలున్నాయి.

ఒకప్పుడు విదేశీ డాక్టరేట్ అంటే దాత దయ. 1882లో బెంగాలీ రసాయన శాస్త్రవేత్త ప్రఫుల్ల చంద్ర రాయ్ స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో వెళ్లింది గిల్‌క్రిస్ట్ స్కాలర్‌షిప్‌తో. ఆ ఏడాది అది దక్కింది దేశం మొత్తం మీద ఇద్దరికే. అంతకు ముందే అక్కడ డాక్టరేట్ పొంది వచ్చిన అఘోరనాథ్ ఛటోపాధ్యాయ హైదరాబాదులో కాలేజీ నడిపారు. అదే తర్వాత నిజాం కాలేజీ అయింది. మన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు సంగతి ఇంకా కష్టం. మామగారి సాయం, కాకినాడ ధర్మనిధి డబ్బుతో 1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరి, ఆస్పత్రిలో రాత్రిపూట కూలి పనులు చేసుకుంటూ చదివి, 1930లో హార్వర్డ్ నుంచి పీహెచ్‌డీ అందుకున్నారు. అంతటి మేధావికి కూడా చదువు ఖర్చు సొంత భారమే.

పరిశోధక విద్యార్థికి డబ్బిచ్చి పిలిచే ఆలోచన అప్పటికే పుట్టింది. అమెరికాలో 1876లో మొదలైన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం ఏటా 500 డాలర్ల ఫెలోషిప్‌లు ఇచ్చింది. కానీ అవి గుప్పెడే. అసలు మలుపు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చింది. రాడార్, పెన్సిలిన్, అణుబాంబు చూశాక, విజ్ఞానం మీద ప్రభుత్వమే ఖర్చు పెట్టాలని అమెరికా నిర్ణయించుకుంది. 1950లో పరిశోధనలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఏర్పడింది. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను పంపాక ఆ నిధులు వరదలా పెరిగాయి.

ఆ డబ్బు నడిచే దారి అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. ప్రొఫెసర్ తాను పరిశోధించదలచిన ప్రశ్నను ఇలాంటి సంస్థకు రాసి పంపి గ్రాంట్, అంటే పరిశోధన నిధి, తెచ్చుకుంటారు. ల్యాబ్‌లో ప్రయోగాలు చేయడానికి మనుషులు కావాలి. ఆ మనుషులే పీహెచ్‌డీ విద్యార్థులు. వారి ఫీజు, స్టైపెండ్ గ్రాంట్ నుంచే వెళ్తాయి. మరికొందరు డిగ్రీ పిల్లలకు ప్రాక్టికల్స్ చెప్పి స్టైపెండ్ పొందుతారు. అంటే ఇది పనికి ఇచ్చే ప్రతిఫలం. ప్రాజెక్టు కట్టలు పోయడానికి దేశమంతా తిరిగిన పాలమూరు కూలీల పిల్లలకు ఈ మాట వివరించి చెప్పనక్కర్లేదు.

ఐరోపాలో ఈ సంగతి ఇంకా స్పష్టం. స్వీడన్, డెన్మార్క్, నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ సాధారణంగా జీతమున్న ఉద్యోగమే. ఖాళీ పడితే ఉద్యోగ ప్రకటనే వేస్తారు, ఏ దేశంవారైనా దరఖాస్తు చేసుకోవచ్చు. జర్మనీలో మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థలు 2000 నుంచి విదేశీయుల కోసమే అన్నట్టు ఇంగ్లీషులో నడిచే పరిశోధన పాఠశాలలు తెరిచాయి. బ్రిటన్ మాత్రం చాలాకాలం తలుపు ఓరగానే ఉంచింది. అక్కడి పరిశోధన మండళ్లు పూర్తి నిధులతో విదేశీయులను తీసుకోవడం 2021లోనే మొదలైంది, అదీ 30 శాతం పరిమితితో.

మరి ఇక్కడికి ఈ కబురు ఎందుకు రాలేదు? నల్లగొండలో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం వచ్చింది 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో. అంతకు ముందు పరిశోధన అన్న మాట వినాలంటే హైదరాబాదు బస్సెక్కాల్సిందే. ఇప్పటికీ చాలా పాఠాలు కాంట్రాక్టు అధ్యాపకుల భుజాల మీదే నడుస్తున్నాయి. విదేశీ దరఖాస్తుకు రెండు మూడు సిఫారసు లేఖలు కావాలి. విద్యార్థి ప్రయోగశాలలో ఏం చేశారో దగ్గరగా చూసినవారే అవి రాయగలరు. ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ పూర్తయ్యేలోపే చౌటుప్పల్, పోలేపల్లి మందుల కంపెనీలు పిలుస్తాయి. ఇంటికి జీతం కావాలి కాబట్టి వెళ్తారు. అందులో తప్పేమీ లేదు.

నన్ను బాధపెట్టేది మరొకటి. విదేశీ చదువు గురించి చెప్పేవారు మన దగ్గర ఎక్కువగా కన్సల్టెన్సీలే. ఫీజు కట్టే విద్యార్థిని చేర్పిస్తేనే వారికి కమీషన్. ఫీజే లేని చదువు గురించి వారు ఎందుకు చెబుతారు? 1990ల చివర సాఫ్ట్‌వేర్ ఊపులో విదేశమంటే ఎమ్మెస్ అని స్థిరపడిపోయింది. 20 లక్షల రూపాయల దాకా ఇచ్చే రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యానిధి పథకాలు ఎంతోమందికి ఆసరా అయిన మాట నిజమే, కానీ వాటి ప్రచారంలో వినిపించేది కూడా ఫీజుల లెక్కే.

2025లో అమెరికా ప్రభుత్వం పరిశోధన నిధులకు కోత పెట్టగానే కొన్ని విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి. గ్రాంట్ మీద నిలబడిన దారి గ్రాంట్‌తోనే ఇరుకవుతుంది. అందుకే ఒక్క దేశాన్నే నమ్ముకోకూడదు. డిగ్రీలో ఉండగానే, దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసుకుంటే, రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేసే అవకాశం దొరుకుతుంది. సిఫారసు లేఖకు బీజం అక్కడే పడుతుంది.

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఎముకలు వంకర్లు తిప్పిన ఫ్లోరైడ్ నీటికి పరిష్కారంగా 1970ల్లో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో శుద్ధి చేసే పద్ధతిని రూపొందించారు. దానికి ‘నల్గొండ టెక్నిక్’ అన్న పేరే స్థిరపడింది. టాంజానియా, ఇథియోపియాల్లోనూ దాన్ని వాడి చూశారు. శుద్ధి చేసిన నీటిలో మిగిలే అల్యూమినియం సంగతి ఏమిటన్న ప్రశ్న మీద ఇంకా పరిశోధనలు సాగుతున్నాయి. ఫ్లోరైడ్ నీటి మీద పనిచేసే ప్రొఫెసర్‌కు దరఖాస్తు రాసే మన ఎమ్మెస్సీ అమ్మాయి, తన జిల్లా పేరేమిటో వివరించాల్సిన పని ఉండదు.