గోడ తాకిన తర్వాత: ఈత ఛాంపియన్ల గురించి అపోహలు – వాస్తవాలు

ఈత నేర్పడం నా వృత్తి. పిల్లల్ని చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రుల మాటల్లో కొన్ని నమ్మకాలు మళ్లీ మళ్లీ వినిపిస్తుంటాయి.

అపోహ: పతకం గెలిస్తే గుర్తింపు దానంతట అదే వస్తుంది.

వాస్తవం: సచిన్ నాగ్ పేరు మీలో ఎందరు విన్నారు? 1951లో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడల్లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ గెలిచింది ఆయనే. ఆసియా క్రీడల్లో భారత్‌కు తొలి స్వర్ణం అదే. అర్జున పురస్కారాలు 1961లో మొదలయ్యాయి, ఆయనకు అందలేదు. 1987లో కన్నుమూశారు. ధ్యాన్‌చంద్ పురస్కారం ప్రకటించింది 2020లో, అంటే గెలిచిన 69 ఏళ్లకు. కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట చెప్పేది ఈయన గురించే. చెప్పిన ప్రతిసారీ బాధ కలుగుతుంది.

అపోహ: పొడవాటి చేతులు, విశాలమైన భుజాలు ఉన్నవాళ్లే ఛాంపియన్లు అవుతారు.

వాస్తవం: దేహం కొంత తోడ్పడుతుంది, కాదనను. కానీ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బటర్‌ఫ్లై చివరి క్షణాలు చూడండి. ముందున్న మిలోరాడ్ చావిచ్ చేతులు చాచి గోడ వైపు జారుతూ వచ్చాడు. వెనకబడ్డ మైకేల్ ఫెల్ప్స్ మాత్రం ఇంకో సగం బార వేసి గోడను గట్టిగా కొట్టి గెలిచాడు. తేడా సెకనులో నూరో వంతు. జారుతున్న శరీరాన్ని నీరు వెనక్కి లాగుతుంది, వేగం తగ్గిపోతుంది. అందుకే మా దగ్గర చివరి అయిదు మీటర్లు ఊపిరి కోసం తల ఎత్తకుండా, చేయి ఆపకుండా రావడం విడిగా సాధన చేయిస్తాం. చూసేవాళ్లకు విసుగు పుట్టించే పని ఇది. నాకు మాత్రం ఈతలో అన్నిటికన్నా ఇష్టమైనది.

అపోహ: ఇరవై దాటితే ఈతగాడి పని అయిపోయినట్టే.

వాస్తవం: సజన్ ప్రకాశ్ మెడ గాయం నుంచి కోలుకుని 2021లో రోమ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1 నిమిషం 56.38 సెకన్లలో ముగించాడు. ఒలింపిక్స్ ‘ఎ’ అర్హత ప్రమాణాన్ని, అంటే నేరుగా అర్హత తెచ్చిపెట్టే సమయాన్ని, అందుకున్న తొలి భారతీయ ఈతగాడు అతనే. అప్పటికి వయసు 27.

అపోహ: అంత పేరు వచ్చాక మనసుకు ఏ లోటూ ఉండదు.

వాస్తవం: 23 ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన ఫెల్ప్స్, ప్రతి ఒలింపిక్స్ తర్వాతా తాను కుంగుబాటులో పడ్డానని, 2012 తర్వాత బతకాలనే అనిపించలేదని స్వయంగా చెప్పాడు. ఏళ్ల తరబడి ఒకే తేదీ కోసం బతికిన మనిషికి ఆ మర్నాడు ఏం చేయాలో తోచదు. పెద్ద పోటీ ముగిసిన వారంలో నా శిష్యులతో టైమింగ్ ప్రస్తావన తేను. గెలిచిన వాళ్లకే ముందుగా ఫోను చేస్తాను. భోజనం చేశావా, నిద్ర పడుతోందా అని అడుగుతాను.