డ్రాయింగ్ ఇస్రోది, పని హైదరాబాద్‌ది

2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ ఎగిరింది. మన దేశంలో ఒక ప్రైవేటు కంపెనీ తయారుచేసిన రాకెట్ ప్రయోగం అదే మొదటిది. పవన్‌కుమార్ చందన, నాగభరత్ డాకా 2018లో హైదరాబాద్‌లో పెట్టిన స్కైరూట్ దాన్ని తయారుచేసింది. రాకెట్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకెళ్లి సముద్రంలో పడింది. పడాల్సింది కూడా అక్కడే, కక్ష్యలోకి పంపే ప్రయోగం కాదది.

రాకెట్ పని హైదరాబాద్‌కు కొత్తేమీ కాదు. 1970లో మొదలైన ఎంటార్, 1992లో వచ్చిన అనంత్ టెక్నాలజీస్ లాంటివి ఇస్రోకు ఇంజిన్ భాగాలు, ఎలక్ట్రానిక్ వ్యవస్థలు చేసిస్తూ వచ్చాయి. డ్రాయింగ్ ఇస్రోది, కొనేదీ ఇస్రోనే. ఏడాదికి ప్రయోగాలు ఎన్నో, ఆర్డర్లూ అన్నే. చేతిలో పనితనం ఉన్నా, సొంత సరుకంటూ అమ్ముకునే దారి ఉండేది కాదు.

ఇస్రో సేవలను బయటివాళ్లకు అమ్మే బాధ్యత అప్పట్లో 1992లో పుట్టిన ప్రభుత్వ సంస్థ ఆంట్రిక్స్‌ది. 1999లో ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ మొదటిసారి కొరియా, జర్మనీ ఉపగ్రహాలను డబ్బు తీసుకుని మోసింది. 2017లో ఒకేసారి 104 ఉపగ్రహాలు వెళ్లాయి, వాటిలో 101 విదేశాలవే. చప్పట్లు గట్టిగానే మోగాయి. కానీ వాటిలో 88 ఒకే అమెరికా కంపెనీవి, ఒక్కోటి ఐదు కిలోల లోపే. అంత చిన్న సరుకు మోస్తే వచ్చే కిరాయి ఎంతని?

ఈలోగా దేవాస్ అనే ప్రైవేటు కంపెనీతో గొడవ వచ్చిపడింది. ఎస్-బ్యాండ్ అనే రేడియో తరంగాల వాడకం కోసం ఆంట్రిక్స్ 2005లో ఆ కంపెనీతో చేసుకున్న ఒప్పందం 2011లో రద్దయింది. 2015లో అంతర్జాతీయ మధ్యవర్తులు దేవాస్‌కు 56.25 కోట్ల డాలర్లు కట్టమని ఆంట్రిక్స్‌కు చెప్పారు. 2022లో మన సుప్రీంకోర్టేమో దేవాస్ వ్యవహారమంతా మోసమేనని తేల్చింది. తప్పెవరిదైనా, ఇలాంటి కేసు చూశాక అధికారులు సంతకం పెట్టడానికి, బయటివాళ్లు పెట్టుబడి పెట్టడానికి జంకడం సహజం.

ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరుచుకున్నది 2020 జూన్‌లో. వాటికి అనుమతులిచ్చేందుకు ఇన్‌స్పేస్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. 2023లో అంతరిక్ష విధానం వచ్చింది. 2024లో విదేశీ పెట్టుబడుల నిబంధనలు సడలించి, ముందస్తు అనుమతి లేకుండా ఉపగ్రహాల తయారీలో 74 శాతం, రాకెట్లలో 49 శాతం దాకా పెట్టొచ్చన్నారు.

అప్పటికి బయట మార్కెట్ మారిపోయింది. అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్ రాకెట్ ఫాల్కన్-9 మొదటి దశ, అంటే కింది భాగం, వెనక్కి దిగి మళ్లీ ఎగురుతోంది, చిన్న ఉపగ్రహాలను కలిపి తక్కువ ధరకు మోస్తోంది. 4,700 కిలోల మన ఉపగ్రహం జీశాట్-ఎన్2 కూడా 2024 నవంబరులో దాని మీదే వెళ్లింది, అంత బరువును అది చేరాల్సిన ఎత్తైన కక్ష్య వైపు మోసే రాకెట్ మన దగ్గర లేక. అయితే ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా రాకెట్లు దూరమైన ఉపగ్రహ ఇంటర్నెట్ కంపెనీ వన్‌వెబ్ మన పెద్ద రాకెట్ ఎల్‌వీఎం-3 మీద 72 ఉపగ్రహాలు పంపింది. రాకెట్ సిద్ధంగా ఉంటే బేరం దానంతటదే రావచ్చనడానికి ఇదొక రుజువు.

ఇవన్నీ ఒక ఎత్తు, చట్టం లేకపోవడం ఒక ఎత్తు. 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, మన నేల మీద నుంచి వెళ్లిన ప్రైవేటు రాకెట్ వేరే దేశంలో నష్టం చేసినా పరిహారం కట్టాల్సింది భారత ప్రభుత్వమే. అందులో కంపెనీ వాటా ఎంతో, ఎంత బీమా చేయించాలో తేల్చే అంతరిక్ష చట్టం కోసం 2017లోనే ముసాయిదా వచ్చింది. పార్లమెంటు ఆమోదం దాకా మాత్రం అది చేరలేదు.