నమూనా పడవకు రంగులు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లా భావనపాడు ఒడ్డున కనిపించే తొమ్మిది మీటర్ల ఫైబర్ బోటును 1:20 స్కేల్లో చేస్తే 45 సెంటీమీటర్లు వస్తుంది. కొలతలు మిల్లీమీటరు తేడా లేకుండా దించినవాళ్లు కూడా రంగు దగ్గర దెబ్బతింటారు. కొలతలో తప్పు పట్టుకోవాలంటే స్కేలు కావాలి. రంగులో తప్పు గుమ్మంలోంచే కనిపిస్తుంది.

అపోహ: అసలు బోటుకు వేసిన డబ్బాలోని రంగే వేస్తే అచ్చం అలాగే ఉంటుంది.

వాస్తవం: ఉండదు. 1:20 మోడల్‌ను మీటరు దూరం నుంచి చూడడమంటే అసలు బోటును ఇరవై మీటర్ల నుంచి చూడడమే. ఆ దూరానికి మధ్యలో ఉన్న గాలి, తేమ కలిసి ఏ రంగునైనా కాస్త పలచబరుస్తాయి. మోడల్ మీద ఆ గాలి లేదు కాబట్టి రంగును మనమే పలచబరచాలి. మోడలర్లు ఎక్కువగా పాటించే అంచనా 1:72కి 15 శాతం తెలుపు, 1:48కి 10 శాతం. 1:20కి ఐదు శాతం చాలు, అంటే పందొమ్మిది చుక్కల నీలానికి ఒక చుక్క తెలుపు. ఎరుపుకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. తెలుపు పడితే గులాబీకి తిరుగుతుంది. సిగ్నల్ రెడ్‌కు పసుపు ఒక్కో చుక్కే కలుపుతూ, నారింజకు తిరిగే ముందే ఆపాలి. ఇంజిన్ మూతకైనా, తాళ్లకైనా అచ్చ నలుపు వద్దు. అందులో పదో వంతు తెలుపు కలిపిన ముదురు బూడిద వేస్తేనే ఆకారం తెలుస్తుంది, లేకపోతే అక్కడ చిల్లు పడినట్టుంటుంది.

అపోహ: నీటిలో మునిగే భాగం ఎప్పుడూ ఎర్రగానే ఉండాలి.

వాస్తవం: ఆ ఎరుపు ఓడలది. గుల్లలు, నాచు పట్టకుండా వేసే పూతలో కుప్రస్ ఆక్సైడ్ అనే రాగి సమ్మేళనం ఉండేది, దాని రంగే ఎరుపు. నెలల తరబడి నీళ్లలోనే ఉండే ఓడకు అది కావాలి. కళింగపట్నంలోనో, చింతపల్లిలోనో వేట నుంచి రాగానే ఇసుక మీదికి లాగేసే బోటుకు ఆ అవసరం తక్కువ. వాటి అడుగున చూడాల్సింది ఇసుక రాపిడి. బోటు అడుగు మధ్యగీత వెంట పై రంగు అరిగిపోయి, లోపలి ఫైబర్ పసుపు పచ్చగా బయటపడుతుంది. మోడల్‌పై ఇది చూపించాలంటే ముందు లేత పసుపు వేసి పూర్తిగా ఆరనివ్వాలి. దాని మీద నీలం వేసి ఆరాక, 1000 నంబర్ వాటర్ పేపర్‌ను తడిపి ఆ గీత వెంట ముందు నుంచి వెనక్కి మాత్రమే రుద్దాలి. అడ్డంగా రుద్దితే అబద్ధంలా ఉంటుంది, ఎందుకంటే బోటును ఎవరూ అడ్డంగా లాగరు. తాళ్లతో కట్టిన పాత కర్ర తెప్పకైతే రంగే వద్దు. ఎండకూ ఉప్పుకూ వెలిసిన దుంగ బూడిద వన్నె చాలు.

అపోహ: ప్రైమర్ ఏదైనా ఒకటే, పైరంగు కప్పేస్తుంది.

వాస్తవం: నీలం, ఆకుపచ్చ చాలావరకు కప్పుతాయి. పసుపు, ఎరుపు కప్పవు. బూడిద ప్రైమర్ మీద గోల్డెన్ ఎల్లో వేస్తే మురికి ఆకుపచ్చగా తేలుతుంది. అది పోవాలని మూడో పూత, నాలుగో పూత వేస్తారు, అసలు నష్టం అక్కడే. ఒక్కో పూత 25 మైక్రాన్లు అనుకుంటే నాలుగు పూతలకు 0.1 మిల్లీమీటరు. అసలు బోటు మీద అది రెండు మిల్లీమీటర్ల మందంతో సమానం. చెక్కలో గీసిన పలకల సందులు పూడిపోతాయి. పసుపు, ఎరుపుల కింద తెల్ల ప్రైమర్ వేసి, 600 పేపర్‌తో నున్నగా చేస్తే రెండు పలుచటి పూతలతో సరిపోతుంది.

అపోహ: పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్ప్రే చేస్తే బాగా పట్టుకుంటుంది.

వాస్తవం: మన తీరంలో తెల్లవారుజామున తేమ ఎక్కువ. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగులో థిన్నర్ త్వరగా ఎగిరిపోతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలోని తేమ దాని మీద చేరి పాలపొరలా తెల్లబారుతుంది. పదకొండు నుంచి మూడు గంటల మధ్య, నీడలో స్ప్రే చేయండి. వాన పట్టిన రోజు వదిలేయండి. ఇంకో మాట: ఆరిన ఎనామెల్ మీద ఎన్‌సీ స్ప్రే కొడితే కింది పూత ముడతలు పడి లేస్తుంది. ఎన్‌సీ మీద ఎనామెల్ వేయవచ్చు, ఎనామెల్ మీద ఎన్‌సీ వేయకూడదు.

అపోహ: మెరుపు ఎక్కువైతే కొత్త బోటులా ఉంటుంది.

వాస్తవం: ఆటబొమ్మలా ఉంటుంది. సగం మెరుపే ఉండే సాటిన్ వార్నిష్ ఒక పూత చాలు.

అపోహ: ఫోన్లో తీసిన ఫొటో చూసి రంగు కలపవచ్చు.

వాస్తవం: కెమెరా తెలుపును తనకు తోచినట్టు సర్దుకుంటుంది. ఫొటో గీతల వెడల్పుకు, అక్షరాల చోటుకు, తుప్పు ఏ బోల్టు కింద కారిందో చూడడానికి పనికొస్తుంది. రంగు మాత్రం కంటితోనే చూడాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, మరమ్మతులూ రంగులూ అప్పుడే సాగుతాయి. కొత్త నీలం, రెండేళ్ల నీలం పక్కపక్కనే దొరుకుతాయి. రంగు కంపెనీ షేడ్ కార్డు పట్టుకెళ్లి బోటు పక్కనే ఆనించి, దగ్గరగా సరిపోయిన గడికి గుర్తు పెట్టుకోండి. ఇంటికొచ్చి కలిపిన రంగును ఐస్‌క్రీమ్ పుల్ల మీద పూసి, పూర్తిగా ఆరాక చూడండి. ఎనామెల్ తడిలో ఒకలా, ఆరాక ఒకలా ఉంటుంది. ట్యూబ్‌లైటు కింద నిర్ణయించవద్దు. పగటి వెలుగు పడే గుమ్మం నీడలో పుల్లనూ షేడ్ కార్డునూ పక్కపక్కన పెట్టండి. పుల్ల కార్డుకన్నా ఒక్క పిసరు లేతగా కనిపిస్తే, ఆ రంగును మోడల్‌కు వేయవచ్చు.