ఫ్రీ సమ్మర్ క్యాంపు: అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో నడిమివంక పక్కనున్న కాలనీల్లో ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు ఉచితంగా ఆటలు, కథలు, బొమ్మల పని నడుపుతున్నాం. కొత్తగా మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఫోన్ చేసినప్పుడు కొన్ని మాటలు పదే పదే వింటుంటాను. మొదట్లో మేమూ అవే నమ్మాం.

అపోహ: ఉచితమంటే విలువుండదు, అందుకే పిల్లలు రారు.

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. రెండో ఏడాది ఒక పాప రోజూ గేటు దగ్గర నిలబడి చూసేది. పదేళ్లుంటాయేమో. చంకలో తమ్ముడు. లోపలికి రామ్మా అంటే, "వీన్ని యాడ పెట్టాల సార్?" అంది. ఎనిమిదేళ్లు నిండినవాళ్లకే అని రూలు పెట్టింది మేమే. అమ్మ పొద్దున్నే పనికి పోతే ఆ పిల్లాణ్ణి ఎవరు చూసుకుంటారన్నది మాకు తట్టనే లేదు. మర్నాడు ఒక మూల చాప పరిచి, నాలుగు గిన్నెలు, గరిటెలు పెట్టి, చిన్నవాళ్లను కనిపెట్టుకోవడానికి ఆ వీధిలోని అవ్వనే కూర్చోబెట్టాం. వారం తిరిగేసరికి చంటిపిల్లల్ని ఎత్తుకుని ఆరుగురు అక్కలు వచ్చారు.

ఇంకోటి, నీళ్ల ట్యాంకర్. అది వచ్చే రోజు సగం మంది పిల్లలు బిందెల దగ్గరే ఉంటారు. క్యాంపు టైము పెట్టేముందు ట్యాంకర్ టైము కనుక్కోండి.

అపోహ: పొద్దున పదికి మొదలుపెట్టి సాయంత్రం దాకా నడపాలి.

మే నెలలో మన ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల కింద ఇంకా ఉడికిపోతుంది. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది వరకు చాలు. చోటు కూడా పిల్లలు పెద్ద రోడ్డు దాటకుండా నడిచి రాగలిగేంత దగ్గర్లో ఉండాలి.

అపోహ: తిండి మన పని కాదు.

బడి ఉన్న రోజుల్లో మధ్యాహ్న భోజనం ఉంటుంది. సెలవులొస్తే ఆ పూట కూడా ఇంటిమీదే పడుతుంది. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే ఆదేశించిందంటే, సమస్య ఎంత పాతదో చూడండి. మేము రాగిజావ ఇస్తాం. మొదట్లో ఆటలయ్యాక ఇచ్చేవాళ్లం. ఎనిమిదయ్యేసరికి పిల్లలు ఒకరితో ఒకరు గొడవపడేవాళ్లు. క్రమశిక్షణ లేదని మేం కోప్పడ్డాం కూడా. వాళ్లకు ఆకలి! ఇప్పుడు రాగానే జావ, తర్వాతే ఆట.

అపోహ: బోలెడు డబ్బు కావాలి.

అక్కర్లేదు. సుద్దముక్కతో గచ్చు మీద పులిజూదం గీస్తే 3 పులులకు, 15 మేకలకు గులకరాళ్లు సరిపోతాయి. స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింట్ తీసుకోవచ్చు. ఉన్న డబ్బు జావకు, తాగే నీళ్లకు పెట్టండి.

అపోహ: ఆటలెందుకు, ఇంగ్లీషో లెక్కలో చెప్పొచ్చుగా.

ఇది ఎక్కువగా అమ్మానాన్నలే అడుగుతారు. పిల్లలు వెనకబడిపోతారన్న వాళ్ల భయాన్ని కొట్టిపారేయకూడదు. కూర్చుని మాట్లాడాలి. మేకను ఇక్కడ పెడితే పులి ఎటు దూకుతుంది, అప్పుడు వెనక చోటు ఖాళీగా ఉంటుందా అని మూడు ఎత్తులు ముందుగా చూసే పిల్ల ఆలోచించడం నేర్చుకుంటోంది. మన దేశం 1992లో చేరిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణ ఆటను పిల్లల హక్కుగానే గుర్తించింది. కానీ అధికరణాలు చెప్తే అమ్మలు నమ్మరు. చూస్తే నమ్ముతారు.

అందుకే చివరి రోజు తోలుబొమ్మలాట పెడతాం. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చిందని చెప్పినప్పుడు, అది మన పక్కనేనా అని పిల్లలు ఆశ్చర్యపోయారు. మా బొమ్మలకు తోలు లేదు, అట్టముక్కలే. తెల్ల పంచె కట్టి వెనక నుంచి లైటు వేస్తాం. మాటలన్నీ పిల్లలే రాసుకుంటారు. ఆట రాత్రి ఏడున్నరకు మొదలవుతుంది. అమ్మలు పని నుంచి వచ్చి, ఇంట్లో పొయ్యి వెలిగించి, కాస్త తీరుబడి అయ్యేది అప్పటికే.