మ్యాప్‌లో పచ్చ రంగు, రోడ్డు మీద బండరాయి

బంగాళాఖాతంలో వాయుగుండం అని వినపడితే చాలు, తిరుపతిలో ఉన్నవాళ్లకు ఫోన్లు మొదలవుతాయి: "కొండకి బస్సులు తిరుగుతున్నాయా?" ఆ వెంటే పాత పంచాయితీ ఒకటి మళ్లీ లేస్తుంది. తిరుమల ఘాట్ రోడ్డు మీద రాళ్లు ఎక్కడ పడొచ్చో చెప్పే మ్యాప్ ముందా, ఇనుప వలలూ గోడలూ ముందా అని. ఈ పంచాయితీ అర్థం కావాలంటే నేరుగా 2021 డిసెంబర్ 1కి రావాలి.

ఆ నవంబర్ 18, 19 తేదీల్లో కుండపోత కురిసింది. శ్రీవారి మెట్టు దారి దెబ్బతింది, ఘాట్ రోడ్ల మీద చరియలు పడ్డాయి. అంతటితో గండం గడిచిందనుకున్నారు. కానీ పెద్ద బండలు దొర్లింది ఆ తర్వాత పన్నెండో రోజున, పైకి వెళ్లే రెండో ఘాట్ రోడ్డు మీద. రోడ్డే పగిలిపోయింది. కొన్నాళ్లు ఎక్కే బండ్లూ దిగే బండ్లూ మొదటి ఘాట్ రోడ్డునే పంచుకున్నాయి. ఐఐటీ నిపుణులు వచ్చి చూశారు.

వాన తగ్గాక పడటమేమిటి? జవాబు రాతిలోనే ఉంది. కింద గ్రానైటు, దానిమీద నగరి క్వార్ట్‌జైటు. ఈ రెండు రాళ్లూ ఏర్పడిన కాలాల మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఖాళీ ఉందని చెప్పే గీత ఘాట్ రోడ్డు పక్కనే కనిపిస్తుంది. దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు కూడా. బస్సులో ఉన్నవాళ్లు అటు చూసేది తక్కువే అనుకోండి. క్వార్ట్‌జైటు గట్టి రాయి, కానీ నిలువునా అడ్డంగా పగుళ్లు. నీళ్లు ఆ పగుళ్లలోకి నెమ్మదిగా దిగి, మధ్యలోని మెత్తని పొరను తినేస్తాయి. పైనున్న బండ ఆధారం పోయి, తనకు వీలైనప్పుడు కదులుతుంది.

భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 2014-15లో దేశమంతటా కొండచరియల ముప్పు పటాల పని మొదలుపెట్టింది. జీఐఎస్ అనే కంప్యూటర్ మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో వాలు, రాతి రకం, పగుళ్ల రేఖలు, వాగులు, నేల వాడకం ఒక్కో పొరగా పేర్చి, గతంలో చరియలు పడిన చోట్లతో పోల్చి, ముప్పు ఎక్కువుంటే ఎరుపు, తక్కువుంటే పచ్చ రంగు వేస్తారు. జిల్లా మొత్తానికి ప్లాన్ వేసుకోవడానికి అది మంచి పనిముట్టే. కానీ దాని స్కేలు 1:50,000. పది మీటర్ల రోడ్డు ఆ కాగితం మీద 0.2 మిల్లీమీటర్లు. నేలను 30 మీటర్ల గడులుగా విడగొట్టి గడికో ఎత్తు లెక్కిస్తే, రోడ్డు కోసం నిలువునా కోసిన గోడ ఆ గడిలో కలిసిపోయి మామూలు వాలులా కనిపిస్తుంది. పచ్చ రంగు పడినా ఆశ్చర్యం లేదు.

ఇంకో చిక్కు పాత లెక్కలది. వయనాడ్‌లో 2024 జూలైలో జరిగినట్లు కొండే జారితే ఉపగ్రహ చిత్రంలో మచ్చ మిగులుతుంది. ఘాట్ రోడ్డు మీద రాయి పడితే? జేసీబీ వచ్చి పక్కకు తోస్తుంది, బస్సులు కదులుతాయి. ఎక్కడినుంచి ఊడింది, ఎంత సైజు, ముందు మూడు రోజుల్లో ఎంత వాన అన్నది రాసిపెట్టకపోతే మ్యాప్‌కి నేర్పడానికి ఏమీ ఉండదు. భూవిజ్ఞానులు అడుగుతున్నది ఇదే: డ్రోన్‌తో, లేజర్ కిరణాలతో దూరం కొలిచే లైడార్‌తో రోడ్డుకు పైనున్న చరియను మీటరు మీటరూ కొలవండి, పడిన ప్రతి రాయినీ జీపీఎస్‌తో నమోదు చేయండి.

రోడ్డు పనులు చూసే ఇంజినీర్ల మాట వేరు. మ్యాప్ రాయిని ఆపదు, వదులు రాళ్లు దించి వలలు వేద్దాం, రాకపోకలు ఆపలేం అంటారు. అదీ నిజమే. అయితే వల ఎక్కడ వేయాలి? ఇప్పటికైతే రాయి పడిన చోటే మొదట గుర్తొస్తోంది. 2021లో ఊడిన బండలు ఎలాగూ కిందికి వచ్చేశాయి. వాటి పక్కన పగుళ్లు పట్టి నిలబడ్డ బండలు ఎన్నున్నాయన్నది వచ్చే వాయుగుండం లోపు ఎవరైనా పైకెక్కి లెక్కపెట్టాలి.